ఆ రింగు నేనే చేశాను

లీగ్ రెండో సీజన్ రేపు మొదలవుతుందనగా నాకు ముద్ద దిగలేదు. మా ఆవిడ నా ముందు నుంచి కంచం తీస్తూ, "ఆడేది పిల్ల. ఉపాసం నువ్వా?" అని ఎత్తిపొడిచింది. అరవై ఏడేళ్ల మనిషిని. బొగ్గు గనుల కాలరీ వర్క్‌షాప్‌లో ముప్పై అయిదేళ్లు వెల్డింగ్ చేసి రిటైరయ్యాను. బంతిని నేలకేసి వరసగా నాలుగుసార్లు కొట్టడం కూడా నాకు చేతకాదు. అయినా బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. ఆ పిచ్చి ఇంతగా ముదరడానికి కారణం మా పక్క క్వార్టర్‌లో పుట్టిన ఒక పిల్ల.

ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై మూడేళ్లు. తండ్రి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. తల్లికి కాలరీ గేటు దగ్గర మిర్చి బజ్జీల బండి ఉంది. దేశంలో ఆడపిల్లల కోసం కొత్తగా ఒక ప్రొఫెషనల్ లీగ్ పెట్టారు. అందులో ఒక పెద్ద ఊరి జట్టు నిరుడు మా పిల్లను తీసుకుంది. జీతమిచ్చి ఆడించుకుంటారు. బూట్లు వాళ్లవే, తిండి వాళ్లదే, విమానం టికెట్టు వాళ్లదే. మా లాల్‌పేట్‌లో పనికి విమానమెక్కి పోయిన మనిషిని నేనైతే ఇంకొకరిని ఎరగను. ఇంకెవరైనా ఉంటే వచ్చి చెప్పండి, ఒప్పుకుంటాను.

మా లాల్‌పేట్ ఉండేది మహారాష్ట్ర చంద్రపూర్‌లో. ఇక్కడ నలుగురు కూడితే పులి సంగతి మాట్లాడతారు. లేకపోతే ఎండ సంగతి. అదీ అయిపోతే క్రికెట్టు. బాస్కెట్‌బాల్ అంటే "గది స్కూల్ల ఆడుకునేది కదా" అంటారు. అలా అన్నవాడితో నేను వారం మాట్లాడను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోను. గాంధీ చౌక్‌లో ఒక బట్టల కొట్టాయన ఉన్నాడు, మన తెలుగాయనే. "బుట్టల బంతి ఏసుడు గూడ ఒక ఆటేనా?" అని నవ్వాడు. అప్పుడే ఎంచుకున్న తువ్వాల బల్ల మీద పడేసి లేచి వచ్చాను. మంచి తువ్వాల అది. మా ఆవిడ ఇప్పటికీ దాని సంగతి ఎత్తుతుంది.

మా కోర్టు వర్క్‌షాప్ గోడ పక్కనే ఉంటుంది. సిమెంటు కోర్టు. పొద్దున్నే దాన్ని ఊడవాలి, లేకపోతే రాత్రంతా రాలిన బొగ్గు పొడి మీద కాలు జారుతుంది. అందుకే మా పిల్లలకు ఆట చీపురుతో మొదలవుతుంది. కోర్టుకు రెండు వైపులా ఇనుప స్తంభాలు, చెక్క బోర్డులు, సలాక వంచి చేసిన రింగులు ఉన్నాయి. అవన్నీ నేనే చేశాను. ముప్పై ఏళ్ల కింద చేశాను. ఇంతవరకు ఒక్క అతుకు ఊడలేదు. నా చేతి వెల్డింగ్ ఊడదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

మా వర్క్‌షాప్‌లో ఒకే ఒక్క స్టీలు టేపు ఉండేది. ఎప్పుడో ఏ ఇనుప పలక కిందో నలిగి దాని ముందరి నాలుగు ఇంచీలు విరిగిపోయాయి. కొత్తది కావాలని స్టోర్‌కు రాశాం. ఆ కాగితం ఎటు పోయిందో దేవుడికే ఎరుక. అంతవరకు పని ఆపుతామా? విరిగిన చోటి నుంచే కొలిచేవాళ్లం. నిజంగా పది అడుగులు కావాలంటే టేపు మీద పదడుగుల నాలుగు ఇంచీల గీత దాకా పోవాలి. కొత్తగా ఎవరు పనిలో చేరినా మొదటి రోజు మేం నేర్పేది వెల్డింగ్ కాదు. "నాలుగు కలుపు" అని నేర్పేవాళ్లం. కొన్నేళ్లకు ఆ కలపడం ఎవరికీ గుర్తుండేది కాదు. చెయ్యి దానంతటదే కలుపుకునేది.

కోర్టు కట్టినప్పుడు కాలరీ పెద్ద సాహెబ్ వచ్చే వారమే చూడటానికి వస్తానన్నాడు. అందరికీ తొందరే. రింగు నేల నుంచి సరిగ్గా పది అడుగుల ఎత్తున ఉండాలి, ఎక్కడైనా అంతే. సివిల్ సెక్షన్ ఓవర్సీర్ తన టేపు తెచ్చి నా చేతికిచ్చాడు. నిగనిగలాడే కొత్త టేపు. మొదటి ఇంచీ నుంచీ నిక్షేపంగా ఉంది. నేను దాన్ని స్తంభం మొదట్లో ఆనించి, పైకి లాగి, పదడుగుల నాలుగు ఇంచీల దగ్గర సుద్దతో గీత పెట్టాను. రెండు స్తంభాలకూ అలాగే పెట్టాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నాతో ఉన్న ఇద్దరూ మా వర్క్‌షాప్ వాళ్లే, వాళ్లకూ అనుమానం రాలేదు.

సాహెబ్ వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. "ఇది మా వెల్డర్ చేతి పని" అని మైకులో చెప్పి నా మెడలో బంతిపూల దండ వేయించాడు. పది రోజులకు అదే కొత్త టేపుతో పంపు షెడ్డుకు ఒక తలుపు చేశాను. ఓవర్సీర్ కాగితం మీద రాసిచ్చిన కొలతకే చేశాను. తీసుకుపోయి చూస్తే చౌకట్టులో పట్టలేదు. నాలుగు ఇంచీలు పెద్దదైంది. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. తలుపుదేముంది, కోసి బిగించాను. రింగులు గుర్తొచ్చాయి.

దండ వేయించుకున్న మనిషి పది రోజులకే పోయి "తప్పు కొలిచాను సాహెబ్" అని ఎలా చెప్తాడు? రేపు సరిచేద్దాం అనుకున్నాను. ఎల్లుండి అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ముప్పై ఏళ్లు గడిపేశాను. దసరాకు ముందు రోజు మా దగ్గర ఖండే నవమి అని పనిముట్లకు పూజ చేస్తారు. ఏటా ఆ రోజు నేనే నిచ్చెన వేసుకుని రింగులకు ఎర్ర రంగు వేసేవాణ్ణి, కుంకుమ బొట్టు పెట్టేవాణ్ణి. రిటైరయ్యాక కూడా మానలేదు. ఎంత భక్తి అనుకునేవాళ్లు చూసినవాళ్లు. భక్తి కాదు, పాడూ కాదు. ఇంకెవరైనా నిచ్చెన ఎక్కితే టేపు పెట్టి చూస్తారేమోనని భయం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా పిల్లలు ఇంట గెలిచి రచ్చలో ఓడేవాళ్లు. నాగ్‌పూర్ పోయినా, వర్ధా పోయినా మొదటి సగం ఆటలో బంతులన్నీ రింగు దాటి పోయేవి. చెయ్యి కుదురుకునేసరికి ఆట అయిపోయేది. "బయట ఊర్ల బెదురుతున్నరు పోరలు" అనేవాడు స్కూల్లో డ్రిల్ మాస్టర్. నేను తల ఊపేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట, అలా ఉండేది నా పని.

ఇక మా పిల్ల సంగతి. ఏడేళ్లప్పుడు మా ఇంట్లోంచి చీపురు ఎత్తుకుపోయి కోర్టు ఊడ్చింది. ఎందుకే అంటే, ఊడిస్తే పెద్దపిల్లలు బంతి ఇస్తామన్నారట. పొట్టి పిల్ల. బంతిని రెండు కాళ్ల మధ్య నుంచి రెండు చేతులతో ఊపి విసిరితే బోర్డు దాకా కూడా పోయేది కాదు. ఏడవలేదు, మానలేదు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ విసురు వేరే అయింది. ఎత్తు రింగు, పొట్టి పిల్ల, ఏం చేస్తుంది? దూరం నుంచే బంతిని బాగా పైకి, గద్దలు తిరిగేంత ఎత్తుకు పంపేది. అది అక్కడ ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, నిటారుగా రాలి రింగులో పడేది. ఆరడుగుల ఆడపిల్లలు ఎదురుగా చేతులెత్తి ఎగిరినా ఆ బంతి అందేది కాదు. ఆ దూరం బంతిని చూసే జట్టువాళ్లు ఆమెను పిలిచారు. ఆ రోజు లాల్‌పేట్‌లో టపాకాయలు కాల్చారు. నేను లోలోపల, సిగ్గు లేకుండా, ఆ గొప్పలో నాకూ వాటా ఉందనుకున్నాను.

మొదటి సీజన్‌లో ఆ వాటా ఏమిటో తెలిసొచ్చింది.

ఆటలో ఫ్రీ త్రో అని ఒకటుంది. అవతలివాళ్లు మన మనిషిని తోసినా కొట్టినా, ఆమె గీత దగ్గర ఒక్కతీ నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా బంతి వేయొచ్చు. వేలమంది చూస్తుంటారు. చూసేవాళ్లకు అంతకన్నా సులువైన పని లేదనిపిస్తుంది. మా పిల్ల ఉరుకులాటలో బాగానే వేసేది, అప్పుడు కన్ను దారి చూపేది. ఫ్రీ త్రోకు నిలబడితే మాత్రం చిన్నప్పటి నుంచీ వేసి వేసి అలవాటైన చెయ్యి పని చేసేది. బంతి రింగు వెనక అంచుకు టంగుమని తగిలి బయట పడేది. ఒకసారి కాదు, దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ అంతే. నా చేతి అలవాటు ఆమె చేతికెక్కింది. ఆమె కూడా నాలుగు కలుపుతోంది.

క్లబ్బు హాల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లందరికీ అప్పుడు నోళ్లు లేచాయి. మా కాలరీలోనే టైమ్‌కీపర్‌గా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. ఏ విషయమైనా ఆయనకు తెలియనిది లేదు. "పోరగీ ఘాబర్లీ" అని మరాఠీలో తేల్చేశాడు. పిల్ల బెదిరిపోయిందట. "ఇగ సూడుండ్రి, ఆడలేక మద్దెల ఓడు అంటది" అని కూడా అన్నాడు. ఆ పిల్ల ఏ మద్దెలనూ అనలేదు. మద్దెల నిజంగానే ఓటిది, చేసినవాణ్ణి నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నేనూ అనలేదు. తల్లి బండి దగ్గర ఇంకా ఘోరం. వేడి వేడి బజ్జీలు తింటూనే "మీ పోరి చేతులు వణుకుతున్నయట కదా" అని అడిగేవాళ్లు. ఆమె మూకుడులో బజ్జీలు తిప్పేది. నేను చూశాను. నేనూ తింటున్నాను.

మే నెలలో పిల్ల ఇంటికి వచ్చింది. చంద్రపూర్ మే సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున ఎనిమిదికే కోర్టు సిమెంటు మీద పాదం ఆనదు. ఆమె అయిదింటికే వచ్చేది. ఊడ్చేది. తర్వాత ఒకే ఒక్క పని, గీత దగ్గర నిలబడి ఫ్రీ త్రోలు వేయడం. నేను గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి, పోయిన బంతి తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఒకరోజు నీళ్లు తాగుతూ తనే చెప్పింది.

"కోచ్ మేడం సాఫ్ చెప్పింది తాతా. వచ్చే సీజన్ల మొదటి మ్యాచే పరీక్షనట. ఫ్రీ త్రోలు పడకపోతే జట్టుల ఉంచరట."

"పడుతయ్ బిడ్డా" అన్నాను.

"గిక్కడ పడుతున్నయ్ కదా! అక్కడ బిల్డింగు లోపల లైట్లు, చెక్క నేల. గందుకే తేడా అనిపిస్తదేమో. గిక్కడ ఇంక పక్కా చేసుకుంటె అక్కడ గూడ పడుతయ్."

వంద వేస్తే తొంభై పడేవి. ఆమె ముఖం సంతోషంతో వెలిగేది. ఇక్కడ ఎంత పక్కా అయితే అక్కడ అంత చెడుతుంది. పొద్దున్నే లేచి, చెమటలు కక్కుతూ, ఆ పిల్ల తన నౌకరీని తానే పోగొట్టుకుంటోంది. ఆ ముక్క లోకంలో నా ఒక్కడికే తెలుసు. తెలిసి కూడా ఎనిమిది రోజులు స్టూలు మీద కూర్చుని బంతులు అందించాను. నా దండ, నా పేరు, మా వెల్డర్ చేతి పని. ఛీ! ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో రోజు ఆమె వేయడం ఆపి, రెండు అరచేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"నా చేతులనే ఏమన్న ఉన్నదా తాతా? అంత మందిల నిలబడంగనే గిట్లెందుకు అయితది? నాకు భయం గూడ అయితలేదు, నిజంగ. అందరు భయమంటున్నరు, మరి అదేనేమో."

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. "నీ చేతుల ఏం లేదు బిడ్డా. రింగుల ఉన్నది" అన్నాను.

ఇంటికి పోయి నిచ్చెన తెచ్చాను. టేపు ఆమె చేతికే ఇచ్చాను. ఎక్కి తనే కొలిచింది. దిగి మళ్లీ కొలిచింది. ఆ వైపు పోయి రెండోదీ కొలిచింది. అప్పుడు మొత్తం చెప్పాను, విరిగిన టేపు నుంచి బంతిపూల దండ దాకా. అంతా విన్నాక బంతి తీసి వర్క్‌షాప్ గోడ మీద నుంచి అవతలికి విసిరేసింది.

"నిరుడు ప్రతి మ్యాచ్ అయినంక బాత్రూంల కూసోని ఏడ్చిన తాతా. నేనే మంచిగ లేననుకున్న. నీకు ఎర్కే ఉండె."

ఆమె వెళ్లిపోయింది. నేను నిచ్చెన దగ్గరే నిలబడ్డాను. ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదని లోపల ఎంత నిబ్బరంగా ఉన్నానో, అంతా ఆ ఒక్క మాటతో పోయింది. రెండు రోజులు ఆమె కోర్టుకు రాలేదు. గుమ్మంలో ఎదురైతే తల తిప్పుకుంది. మా ఆవిడ "ఏమైంది మీ ఇద్దరికి?" అని అడిగితే ఎండ అన్నాను.

మూడో రోజు పొద్దున్నే వర్క్‌షాప్‌లో ఉన్నవాళ్లను బతిమాలి డ్రిల్ మిషను తెచ్చుకున్నాను. నిచ్చెన ఎక్కి బోల్టులు విప్పాను. ముప్పై ఏళ్ల తుప్పు, అంత సులువుగా వస్తాయా? లాగిన ప్రతిసారీ నిచ్చెన ఊగుతోంది. ఇంతలో నిచ్చెన కదలడం ఆగిపోయింది. కిందికి చూస్తే ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని ఉంది. ముఖం అటే తిప్పుకుని ఉంది, కానీ పట్టుకుంది. నాలుగు ఇంచీల కింద కొత్త బెజ్జాలు కొట్టి రింగు దించి బిగించాను. ఆమె కొలిచింది. సరిగ్గా పది అడుగులు. నేను నిచ్చెన భుజాన వేసుకుని రెండో వైపు నడిచాను.

"గది ఉండనియ్" అంది.

"అదీ తప్పుదే బిడ్డా."

"తప్పుదే. నా దూరం బంతి గీ తప్పు రింగుకాడనే వచ్చింది. ఇంకెవ్వలకు రాదు గది. ఉండనియ్."

నిచ్చెన దించి పక్కన పెట్టాను. ఆ రోజు నుంచి ఒక వైపు పది అడుగులు, ఇంకో వైపు పదడుగుల నాలుగు ఇంచీలు. దేశంలో ఇలాంటి కోర్టు ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. పిల్లలు అడిగితే బోల్టులు వదులైనందుకు సరిచేశానని చెప్పాను. ఆమె తల్లికి కూడా అసలు సంగతి చెప్పలేదు. నా పరువు కాపాడింది. నన్ను క్షమించిందా అంటే, ఆ మాట ఆమె అనలేదు, నేను అడగలేదు.

తర్వాత రోజులు కష్టంగా నడిచాయి. పదహారేళ్ల అలవాటు పొమ్మంటే పోతుందా? సరైన రింగుకు బంతులన్నీ వెనక అంచుకు తగిలేవి. ఒక పూట వందకు నలభై కూడా పడలేదు. ఆమె పళ్లు కొరుక్కుంటూ "ఇంకొకటి" అనేది. నేను బంతి ఇచ్చేవాణ్ణి. తొలకరి జల్లులు పడి కోర్టు మీద బొగ్గు పొడి నల్లని బురదయ్యేదాకా వేసింది. ఆ బురద ఎత్తిపోసి మళ్లీ వేసింది. జులైలో జట్టు దగ్గరికి పోయే ముందు రోజు ఎన్ని పడ్డాయో నేను చెప్పను, దిష్టి తగులుతుంది.

ఇదీ సంగతి. అందుకే రేపు సీజన్ అనగా నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు సాయంత్రం మ్యాచ్. కాలరీలో రెండో షిఫ్టు నడుస్తోంది, పిల్ల తండ్రికి సెలవు దొరకలేదు. తల్లి బండి మూసేసి వచ్చింది. ఎప్పుడూ మూయని బండి అది. క్లబ్బు హాలు నిండిపోయింది. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు, గోడ పొడుగునా ఆడవాళ్లు, కిటికీలకు వేలాడుతూ పిల్లలు. టీవీలో మా పిల్ల జట్టు ఒక్కొక్కరే పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆమె వచ్చినప్పుడు కెమెరా రెండు క్షణాలే చూపించింది, కింద అక్షరాల్లో చంద్రపూర్ అని రాశారు. హాలు పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను, అంత కేక. ఎవరికైనా ఊరి పేరు అలా టీవీలో చూస్తే ఏమనిపిస్తుందో నాకు తెలియదు. నాకైతే ఛాతీ పట్టలేదు. ఆ బట్టల కొట్టాయన ఇక్కడ ఉండాల్సింది అనుకున్నాను.

మొదట ఆమెను బెంచీ మీదే కూర్చోబెట్టారు. రెండో భాగంలో దింపారు. దిగిన కాసేపటికే దూరం నుంచి బంతి వేసింది. అదే విసురు. కెమెరా దాన్ని పట్టుకోలేక పైకీ కిందికీ వెతుక్కుంది. బంతి వచ్చి రింగులో పడింది. హాల్లో ఈలలు. నాకు ఆ బంతి గురించి బెంగ లేదు, నేను ఇంకోదాని కోసం చూస్తున్నాను.

అది వచ్చింది. ఎత్తు పిల్ల ఒకతి ఆమె భుజం మీద పడింది. విజిలు. రెండు ఫ్రీ త్రోలు.

నిరుడంతా చూసినవాళ్లే కదా. కొందరు తలలు దించుకున్నారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా పిల్ల గీత దగ్గర నిలబడి బంతిని మూడుసార్లు నేలకు కొట్టింది. నేను ఏ దేవుణ్ణి తలచుకున్నానో గుర్తు లేదు, మా ఊరి మహాకాళి తల్లినే అయి ఉంటుంది. బంతి లేచింది. అంచుకు తగిలిన చప్పుడు లేదు, వల కదిలింది. రెండోది కూడా అంతే. నేను ఏడ్చాను. అందరి ముందే, వెక్కి వెక్కి. మా ఆవిడ మోచేత్తో పొడిచి "ఏంది గది, పడ్డది కదా!" అంది. పడ్డందుకే ఏడుస్తున్నానని ఆమెకేం తెలుసు.

చివరి నిమిషాల్లో ఇంకో రెండు వచ్చాయి. రెండూ పడ్డాయి. జట్టు మాత్రం మూడు పాయింట్ల తేడాతో ఓడింది. కానివ్వండి. దింపాక కోచ్ మేడం ఆమెను ఒక్కసారి కూడా బయటికి తీయలేదు, ఆఖరి విజిలు దాకా ఆడించింది. ఆట అయ్యాక పక్కకు పిలిచి భుజం తట్టింది, టీవీలో చూపించారు. నాకు అది చాలు. మా పిల్లకు చోటు దక్కింది.

హాల్లో అందరూ లేస్తున్నారు. టైమ్‌కీపర్ గొంతు సవరించుకుని నిలబడ్డాడు. "సూసిన్రా? ఈసారి పోరికి ధైర్యం వచ్చింది. నిరుడు ఘాబర్లీ హోతీ. నేను అప్పుడే చెప్పిన." చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని తలలూపారు. మెచ్చుకుంటున్నామనే అనుకుంటున్నారు. తల్లి కూడా తల వంచుకుని ఆ మెప్పు తీసుకుంటోంది. నాకు నెత్తికెక్కింది.

"ధైర్యం ఈసారి వచ్చుడేంది? ఎప్పుడు లేకుండె?" అని అరిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. "నిరుడు ఆ పిల్ల బెదరలే. చేతులు వణకలే. మన కోర్టుల రింగు నాలుగు ఇంచీలు ఎక్కువ ఎత్తు ఉండె. ముప్పై ఏండ్ల సంది గట్లనే ఉండె. తప్పు కొలిచింది నేను. ఎర్కైనంక గూడ దాసింది నేను. పిల్ల మీద ఇంకొక్క మాట అన్నోడు ముందుగాల నన్ను అనాలె."

కిటికీలకు వేలాడే పిల్లలు కిందికి దిగారు. మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. జనం మధ్య నుంచి పిల్ల తల్లి లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమె గొంతెత్తి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

"నిరుడంత నా బండికాడ నిలబడి, నా బజ్జీలే తినుకుంట, నా బిడ్డను నానా మాటలన్నరు. నువ్వు గూడ అక్కడనే ఉన్నవ్ కాకా. అప్పుడు నీ నోట్ల నాలుక లేకుండెనా? బజ్జే ఉండెనా?"

"తప్పయింది తల్లీ" అన్నాను. ఇంకేమనను? తల ఎత్తలేదు. ఇంకా తిట్టమని మనసులో కోరుకున్నాను. ఆమె తిట్టలేదు. కళ్లు తుడుచుకుని, హాలంతా ఒకసారి చూసింది. టైమ్‌కీపర్ దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఇంకొక్కసారి చెప్పు కాకా" అంది. "ఎనుక ఉన్నోళ్లకు ఇనబడలే."

నేను మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకా గట్టిగా.